పురుగులున్నాయా అని కాదు, ఏ పురుగు అని అడగాలి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ ఆరేళ్ల పాప నిద్రలో పళ్లు కొరుకుతోంది, సరిగా తినడం లేదు, అప్పుడప్పుడు కడుపు నొప్పి అంటోంది. చూసినవారంతా పురుగులే అని తేల్చేశారు. ఆల్బెండజోల్ అనే పురుగుల మాత్ర ఒకటి వేశారు. మలపరీక్షలో ఏమీ లేదని వచ్చింది. అసలు మనుషులకు ఏయే పురుగులు పడతాయి, ఉన్నట్టు ఎలా తెలుస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లు కూడా మాత్ర వేసుకోవాలా అని అడిగారు. రాత్రిపూట పాప పిరుదుల దగ్గర గోక్కుంటోందని చివర్లో ఒక ముక్క చేర్చారు. మీరు రాసిన జాబితా అంతటిలోనూ ఆ ముక్కకే విలువ ఎక్కువ.

నేను వైద్య ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని మల, రక్త నమూనాలు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. నిద్రలో పళ్లు కొరకడానికీ పురుగులకూ సంబంధం ఉందనడానికి గట్టి ఆధారం లేదు. పురుగులు లేని పిల్లలూ కొరుకుతారు, ఉన్న పిల్లల్లో చాలామంది కొరకరు. ముఖం మీద పాలిపోయిన మచ్చలు, ముక్కులో వేలు పెట్టుకోవడం, తీపి మీద యావ కూడా ఈ కోవలోవే. తీపి తింటే పురుగులు పుడతాయన్న మాటైతే అసలే నిజం కాదు. గుడ్డో లార్వానో (పిల్లపురుగో) బయటి నుంచి ఒంట్లోకి రాకుండా ఏ పురుగూ పుట్టదు. ఇక తిండి తినకపోవడం, కడుపు నొప్పి అనేవి నూరు కారణాలకు వచ్చేవి. వాటిని పట్టుకుని పురుగులున్నాయనీ చెప్పలేం, లేవనీ చెప్పలేం.

గోక్కోవడం అలాంటిది కాదు. అది పిన్‌వర్మ్ అనే నులిపురుగు లక్షణం. ఆడ పురుగు ఒక సెంటీమీటరు పొడవు ఉంటుంది, తోక సూదిలా మొన తేలి ఉంటుంది. పగలంతా పెద్దపేగులోనే ఉండి, మనిషి నిద్రపోయాక మలద్వారం బయటికి వచ్చి, చుట్టూ ఉన్న చర్మం మీద వేల గుడ్లు అతికించి చచ్చిపోతుంది. దురద రాత్రే ఎందుకు వస్తుందో, మీ మలపరీక్షలో ఏమీ ఎందుకు కనబడలేదో దీన్నిబట్టి తెలుస్తుంది. గుడ్లు సాధారణంగా మలంలో ఉండవు, చర్మం మీద ఉంటాయి. పిన్‌వర్మ్‌కు మలపరీక్ష చేయించి నెగెటివ్ అని ఊరట చెందడం వెతకాల్సిన చోట వెతకకపోవడమే.

దీనికి చేయాల్సింది టేపు పరీక్ష, సగం పని ఇంట్లోనే అయిపోతుంది. తెల్లవారగానే, పాప మలవిసర్జనకు వెళ్లకముందే, కడగకముందే, పారదర్శకంగా ఉన్న సెల్లోటేపు ముక్కను మలద్వారం చుట్టూ ఉన్న ముడతల మీద నొక్కి తీసి, గాజుపలక మీద అతికించి ప్రయోగశాలకు ఇవ్వాలి. మసకగా ఉండే టేపు పనికిరాదు, దాని గుండా ఏమీ కనబడదు. పిన్‌వర్మ్ గుడ్డు ఒక పక్క బల్లపరుపుగా, మరో పక్క ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి ఒకసారి చూసినవారు మళ్లీ పొరబడరు. ఒక్క ఉదయం చూస్తే తప్పిపోవచ్చు. వరుసగా మూడు ఉదయాలు చూస్తే దాదాపు పదింట తొమ్మిది కేసులు దొరుకుతాయి. టేపు గొడవ లేకుండా చూడాలంటే పాప నిద్రపోయిన రెండు మూడు గంటలకు టార్చిలైటు వేసి చూడండి. తెల్లని కుట్టుదారం ముక్క కదిలినట్టు కనబడితే ఇక ఏ పరీక్షా అక్కర్లేదు. ఆడపిల్లల్లో ఈ పురుగులు ఒక్కోసారి ముందువైపుకు వెళ్లి యోని దగ్గర దురద, మంట తెస్తాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ అనుకుని మందులు వాడుతూ పోయే కేసుల్లో ఇదీ ఒకటి.

మీరు వేసిన ఒక్క మాత్ర ఎందుకు చాలదో కూడా ఇక్కడే చెప్పాలి. ఆల్బెండజోల్ పెరిగిన పురుగులను చంపుతుంది, గుడ్లను ఏమీ చేయలేదు. చర్మం మీద పెట్టిన గుడ్డు నాలుగు నుంచి ఆరు గంటల్లోనే మరొకరికి అంటుకోగల స్థితికి వస్తుంది, పక్కబట్టల మీద రెండు మూడు వారాల వరకు బతకగలదు. పాప గోక్కుంటుంది, గుడ్లు గోళ్ల కిందికి చేరతాయి, వేలు నోట్లోకి వెళ్తుంది, కథ మొదటికి వస్తుంది. అందుకే రెండు వారాల తర్వాత రెండో మోతాదు తప్పనిసరి. ఇంట్లోవారంతా ఒకే రోజు వేసుకోవాలి. పెద్దవాళ్లకు కూడానా అన్న మీ ప్రశ్నకు పిన్‌వర్మ్ విషయంలో నా జవాబు అవుననే. రెండేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు మాత్రం డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. గోళ్లు పొట్టిగా కత్తిరించాలి, ఉదయం లేవగానే స్నానం చేయించాలి, దుప్పట్లను దులపకుండా తీసి వేడి నీళ్లలో ఉతకాలి. దులిపితే గుడ్లు గాలిలోకి లేస్తాయి. కుక్కనో పిల్లినో అనుమానించకండి, పిన్‌వర్మ్ మనిషి పురుగు. ఇంటి శుభ్రత తక్కువని సిగ్గుపడాల్సిన పనీ లేదు. పిల్లలు ఎక్కువగా ఉండే ఏ ఇంటికైనా, ఎంత శుభ్రంగా ఉన్నా, ఇది వస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. పేగుల్లో ఉండే పురుగుల్లో చాలావరకు మన ఒంట్లో సంఖ్య పెంచుకోలేవు. ఏలికపాము లోపల గుడ్లు పెడుతుంది కానీ ఆ గుడ్లు బయటి మట్టిలో కొన్నాళ్లు ఉంటే గానీ అంటుకునే శక్తి రాదు. అంటే కడుపులో ఇరవై ఏలికపాములుంటే ఆ మనిషి ఇరవై గుడ్లు విడివిడిగా మింగాడన్నమాట. లక్షణాలు ఈ సంఖ్య మీదే ఆధారపడతాయి. నాలుగైదు పురుగులు మోసేవారికి జీవితాంతం ఏమీ తెలియకపోవచ్చు, వందలు మోసే పిల్లవాడు ఆపరేషన్ బల్ల ఎక్కాల్సి రావచ్చు. ఒకే చోట ఉండేవారిలోనూ ఎక్కువ పురుగులు కొద్దిమంది కడుపుల్లోనే పోగుపడి ఉంటాయి. మట్టి ద్వారా సోకే పురుగులు ప్రపంచంలో దాదాపు 150 కోట్ల మందిలో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఏలికపాము వీటిలో పెద్దది. ఆడది 20 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది. లేత గులాబి రంగు, రెండు కొసలూ సన్నం. రోజుకు రెండు లక్షల వరకు గుడ్లు పెడుతుంది. మింగిన గుడ్డు నేరుగా పేగులో పురుగుగా ఎదగదు. లార్వా పేగు గోడను తొలుచుకుని కాలేయానికి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి, గొంతు దాకా పాకి, మళ్లీ మింగుడుపడి పేగుకు చేరాకే పెద్దదవుతుంది. 1922లో కొయినో అనే జపాన్ వైద్యుడు తానే రెండు వేల గుడ్లు మింగి, జ్వరం, దగ్గు తెచ్చుకుని, తన కఫంలోనే లార్వాలను చూపించాడు. మీరు మాత్రం ప్రయత్నించకండి. ఈ ఊపిరితిత్తుల దశలో పొడి దగ్గు, పిల్లికూతలు, కొద్దిగా జ్వరం ఒకటి రెండు వారాలు ఉండి పోతాయి. అప్పుడు మలపరీక్ష చేస్తే గుడ్లు కనబడవు, ఎందుకంటే గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పురుగుకు రెండు మూడు నెలలు పడుతుంది. ఆస్తమా లేని పిల్లవాడికి ఉన్నట్టుండి పిల్లికూతలు వచ్చి, రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు బాగా పెరిగి ఉంటే ఈ కారణం కూడా గుర్తుకు రావాలి.

పెద్దయిన ఏలికపాము ఒకచోట కుదురుగా ఉండదు. జ్వరం వచ్చినప్పుడు, మత్తుమందు ఇచ్చినప్పుడు కదిలి, నోటి నుంచో ముక్కు నుంచో బయటపడిన సందర్భాలున్నాయి. అంతకన్నా ప్రమాదం అది పిత్తనాళంలోకి దూరడం. కడుపు పైభాగంలో కుడివైపు మెలిపెట్టే నొప్పి, వాంతులు, కామెర్లు వస్తాయి. పిల్లల్లో చాలా పురుగులు ఉండచుట్టుకుని పేగుకు అడ్డం పడటం మరో ప్రమాదం. కడుపు ఉబ్బి, ఆకుపచ్చగా వాంతులవుతూ, మలమూ గాలీ పోకపోతే, ఇంట్లో నులిపురుగుల మాత్ర వేసి చూద్దామనుకోవద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

కొంకిపురుగు (హుక్‌వర్మ్) కథ పూర్తిగా వేరు. అది ఒక సెంటీమీటరే ఉంటుంది, మలంలో కంటికి కనబడదు, కడుపులోనూ పెద్దగా అలజడి చేయదు. చిన్నపేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగుతుంది. ఇది నోటి ద్వారా కన్నా ఎక్కువగా చర్మం ద్వారా వస్తుంది. మలంతో కలుషితమైన తడి నేల మీద చెప్పుల్లేకుండా నడిస్తే లార్వా పాదాన్ని తొలుచుకుని లోపలికి వెళ్తుంది. ఈ సంగతి తెలిసింది కూడా యాదృచ్ఛికంగానే. 19వ శతాబ్దం చివర్లో కైరోలో పనిచేస్తున్న ఆర్తర్ లూస్ అనే శాస్త్రవేత్త చేతిమీద లార్వాలున్న నీటి చుక్క ఒలికింది. అక్కడ మంట, ఎరుపు వచ్చాయి. కొన్ని వారాల తర్వాత తన మలంలోనే కొంకిపురుగు గుడ్లు చూసుకున్నాడాయన.

లక్షణం ఏమిటంటే రక్తహీనత. లెక్క వేస్తే అది ఎంత తీవ్రమో తెలుస్తుంది. కొంకిపురుగుల్లో రెండు ముఖ్యమైన రకాలున్నాయి. నెకేటర్ రకం రోజుకు 0.03 మిల్లీలీటర్ల రక్తం తాగితే, ఆంకైలోస్టోమా రకం 0.15 మిల్లీలీటర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తాగుతుంది. ఆంకైలోస్టోమా పురుగులు వంద ఉన్నాయనుకుంటే రోజుకు 15 మిల్లీలీటర్లు. మామూలు రక్తం ఒక మిల్లీలీటరులో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది, అంటే ఏడు మిల్లీగ్రాములకు పైగా ఇనుము పేగులోకి పోతోంది. అందులో కొంత తిరిగి ఒంటికి పట్టినా, మనం తినే తిండి నుంచి శరీరం రోజూ తీసుకోగలిగేది ఒకటి రెండు మిల్లీగ్రాములే కాబట్టి లోటు పూడదు. అందుకే ఐరన్ మాత్రలు నెలల తరబడి వాడినా హిమోగ్లోబిన్ కదలని మనిషికి మలపరీక్ష చేయించమంటాం. మెట్లెక్కితే ఆయాసం, కనురెప్పల లోపలి భాగం తెల్లబడటం, నీరసం, గుండెదడ, మట్టి, సుద్ద, మంచుముక్కల వంటివి తినాలనిపించడం చూడాల్సిన గుర్తులు. మట్టి తినడం పురుగుల వల్ల వచ్చే కోరిక కాదు, ఇనుము లోపానిది. కాకపోతే అదే మట్టి ద్వారా ఏలికపాము గుడ్లు లోపలికి వెళ్తాయి కాబట్టి రెండూ ఒకే పిల్లలో కనబడటం మామూలే. తీవ్రమైతే ముఖం, పాదాలు వాస్తాయి.

కుక్కల, పిల్లుల కొంకిపురుగు లార్వా కూడా మన చర్మంలోకి దూరుతుంది, కానీ లోపలికి దారి తెలియక అక్కడే తిరుగుతుంది. పాదం మీదో పిరుదు మీదో ఎర్రని మెలికల గీత రోజుకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి రెండు సెంటీమీటర్ల వరకు జరుగుతూ, విపరీతంగా దురద పెడుతుంది. చూస్తే భయమేస్తుంది గానీ మందుతో త్వరగా తగ్గిపోతుంది.

కొరడా పురుగు గురించి రెండు మాటలు చాలు. మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు ఉంటుంది, పెద్దపేగు మొదట్లో తల గుచ్చుకుని ఉంటుంది. తక్కువగా ఉంటే ఏమీ తెలియదు. ఎక్కువైతే జిగట, రక్తంతో విరేచనాలు, పిల్లల్లో పురీషనాళం బయటికి జారడం జరుగుతాయి. ఒక్క ఆల్బెండజోల్ మాత్రతో ఇది పోతుందని నమ్మకం పెట్టుకోకూడదు. చాలామందిలో పోదు, మూడు రోజుల కోర్సు ఇస్తారు.

అసలు భయపడాల్సిన పురుగును చాలామంది పేరు కూడా విని ఉండరు. స్ట్రాంగిలాయిడిస్ అనేది రెండు మిల్లీమీటర్ల పురుగు. ఇదీ మట్టి నుంచి చర్మం ద్వారానే వస్తుంది. ఇందాక చెప్పిన సూత్రానికి ఇది మినహాయింపు, ఒంట్లోనే సంఖ్య పెంచుకోగలదు. దీని గుడ్లు పేగులోనే పగిలి, లార్వాల్లో కొన్ని మళ్లీ పేగు గోడలోంచో, మలద్వారం దగ్గరి చర్మంలోంచో లోపలికి వెళ్తాయి. అందువల్ల మందు వాడకపోతే దశాబ్దాలు ఉండిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియాలో బందీలుగా ఉన్న బ్రిటిష్ సైనికుల్లో దీన్ని 30, 40 ఏళ్ల తర్వాత కూడా కనుగొన్నారు. కడుపులో మంట, వచ్చిపోయే విరేచనాలు, తొడల మీద, పిరుదుల మీద గంటకు కొన్ని సెంటీమీటర్ల వేగంతో పాకే దురద గీత దీని గుర్తులు. చాలామందిలో అవి కూడా ఉండవు. ఆ మనిషికి ఆస్తమాకో, కీళ్లవాతానికో, అవయవ మార్పిడికో పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు ఇచ్చినప్పుడు లార్వాలు లక్షలుగా పెరిగి, పేగు బ్యాక్టీరియాను వెంటబెట్టుకుని రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. అప్పుడు ప్రాణం దక్కడం కష్టం. ఎప్పుడైనా తడి మట్టిలో చెప్పుల్లేకుండా పనిచేసినవారు, ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉన్నవారు దీర్ఘకాలం స్టెరాయిడ్లు మొదలుపెట్టేముందు ఈ పురుగుకు పరీక్ష చేయమని డాక్టరును అడగండి. మామూలు మలపరీక్షలో తరచూ తప్పిపోతుంది, రక్తపరీక్ష మేలు. మందు ఐవర్‌మెక్టిన్. ఆ మందుకు మూలమైన అవర్‌మెక్టిన్‌ను కనుగొన్నందుకే విలియం కాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

బద్దెపురుగుల (టేప్‌వర్మ్) దగ్గరికి వస్తే, వీటి విషయంలో రోగే స్వయంగా రోగ నిర్ధారణ చేసుకుని వస్తాడు. సరిగా ఉడకని గొడ్డుమాంసం ద్వారా వచ్చే రకం నాలుగు నుంచి పది మీటర్ల వరకు పెరుగుతుంది. సాధారణంగా ఒక్కటే ఉంటుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. దాని తోక చివరి ముక్కలు, ఒక్కొక్కటి రెండు సెంటీమీటర్ల లోపు, తెల్లగా, చదునుగా, తెగిపడి మలంతో వస్తాయి. ఒక్కోసారి మలంతో పనిలేకుండా వాటంతటవే పాకి బయటికి వచ్చి లోదుస్తుల్లో కనబడతాయి. మనిషిని హడలగొట్టడం తప్ప ఇది చేసే చెరుపు తక్కువ. ఎంత తిన్నా ఒంటబట్టకపోతే బద్దెపురుగే కారణమన్న నమ్మకం కూడా చాలావరకు కథే, ఈ పురుగు మోసేవారిలో ఎక్కువమంది బరువు తగ్గరు. పచ్చి మంచినీటి చేప ద్వారా వచ్చే రకం మాత్రం విటమిన్ బి12ను లాగేసుకుని ఒక రకం రక్తహీనత తేగలదు. పిల్లల్లో తరచుగా కనిపించే మరుగుజ్జు బద్దెపురుగుకు మాంసంతో పనే లేదు. కలుషితమైన చేతుల ద్వారా మనిషి నుంచి మనిషికి వస్తుంది, స్ట్రాంగిలాయిడిస్‌లా ఒంట్లోనే పెరగనూ గలదు.

పంది బద్దెపురుగు విషయంలో నిదానంగా చదవండి, ఇక్కడ దాదాపు అందరూ తికమక పడతారు. దీనికి రెండు దారులున్నాయి. సరిగా ఉడకని పందిమాంసంలోని తిత్తులు (లార్వా ఉండే చిన్న సంచులు) తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది, అంతే. అలా పేగులో పురుగు ఉన్న మనిషి మలంలో గుడ్లు వస్తాయి. చేతులు కడుక్కోకుండా అతను వండితే, లేదా అతని మలం కలిసిన నీరు, ఆకుకూరల ద్వారా ఆ గుడ్లు మరొకరి కడుపులోకి వెళ్తే, లార్వాలు రక్తంలో కలిసి కండరాలకు, కంటికి, మెదడుకు వెళ్లి తిత్తులు కడతాయి. కాబట్టి పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టనివారి మెదడులోనూ ఈ తిత్తులు ఉండవచ్చు. ఆ ఇంట్లోనో వంటగదిలోనో పురుగు మోసేవారు ఒకరుంటే చాలు. లక్షణం ఫిట్స్. ఈ వ్యాధి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దవయసులో మొదటిసారి ఫిట్స్ వచ్చినా, తగ్గని తలనొప్పితో చూపు మసకబారినా స్కానింగ్ చేయించాలి, మలపరీక్షతో తేలదు. ఫిట్స్ చరిత్ర ఉన్నవారు ఆల్బెండజోల్, ప్రాజిక్వాంటెల్ వంటి పురుగు మందులు సొంతంగా వేసుకోవద్దు. మెదడులోని తిత్తి మందుకు చచ్చేటప్పుడు చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ ఎక్కువ కావచ్చు. ఆసుపత్రిలో ముందు స్టెరాయిడ్లు, ఫిట్స్ మందులు మొదలుపెట్టి, ఆ తర్వాతే పురుగు మందు ఇస్తారు.

మిగతావాటిని తొందరగా దాటేస్తాను. కుక్క మలంలోని గుడ్ల ద్వారా వచ్చే హైడాటిడ్ తిత్తి కాలేయంలో ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది, పగిలితే ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు. బోదకాలు దోమ ద్వారా వచ్చే ఫైలేరియా పురుగు పని. దాని సూక్ష్మ లార్వాలు రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య ఎక్కువగా రక్తంలోకి వస్తాయి కాబట్టి రక్తం తీయడానికి సిబ్బంది రాత్రిపూటే తిరుగుతారు. ఆఫ్రికా చెరువుల్లో, నదుల్లో ఈదివచ్చినవారికి మూత్రంలో రక్తం పడితే నత్తల ద్వారా వచ్చే షిస్టోసోమా అనే పురుగు గురించి డాక్టరుకు చెప్పాలి. సరిగా ఉడకని పంది, అడవిపంది మాంసం తిన్న కొన్ని వారాల్లో కళ్ల చుట్టూ వాపు, జ్వరం, భరించలేని కండరాల నొప్పి వస్తే ట్రిక్కినెల్లా అనే పురుగును అనుమానించాలి. తాగే నీటి ద్వారా వచ్చే గినియా పురుగు జబ్బు నారికురుపు దాదాపు అంతరించింది. 1986లో ఏటా 35 లక్షల మందికి వస్తుందని అంచనా వేసిన ఈ జబ్బు ఇప్పుడు ప్రపంచమంతటా కలిపి ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టే స్థాయికి వచ్చింది. టీకా లేదు, మందు లేదు, నీళ్లు వడగట్టుకోవడం నేర్పే ఇది సాధించారు.

ఇక పరీక్షల సంగతి. ఒక్క మలపరీక్ష నెగెటివ్ వచ్చిందంటే ఆ గాజుపలక మీద పెట్టిన చిటికెడు మలంలో గుడ్లు కనబడలేదని మాత్రమే అర్థం. పురుగులు రోజూ ఒకేలా గుడ్లు పెట్టవు. వేరు వేరు రోజుల్లో మూడు నమూనాలు ఇవ్వమనేది అందుకే. నమూనాలో మూత్రం కలవకూడదు, త్వరగా చేర్చాలి. కొంకిపురుగు గుడ్డు పెంకు పలచన. గ్లిజరిన్‌తో తయారుచేసే ఒక రకం పలకల మీద గంట దాటితే ఆ గుడ్డు పారదర్శకమై మాయమవుతుంది. మరోవైపు, డబ్బాలో వెచ్చగా ఒక రోజు ఉంచేస్తే గుడ్లు పగిలి లార్వాలు బయటికి వస్తాయి, అవి స్ట్రాంగిలాయిడిస్ లార్వాలేమోనని మేము తలపట్టుకోవాలి. నిన్న సాయంత్రం తీసిన నమూనాను ఈ ఉదయం తెచ్చి, ఇప్పుడే తీశామని చెప్పేవారు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే మాకు చాలా మేలు.

రక్తంలో ఇసినోఫిల్స్ మైక్రోలీటరుకు 500 దాటితే పెరిగినట్టు. లార్వాలు కణజాలంలో తిరిగే పురుగుల్లోనే ఇవి బాగా పెరుగుతాయి. పిన్‌వర్మ్‌లో, పేగులో కూర్చున్న పెద్ద బద్దెపురుగులో మామూలుగానే ఉండవచ్చు. అలర్జీ, ఆస్తమా, కొన్ని మందులు కూడా వీటిని పెంచుతాయి. కాబట్టి ఈ ఒక్క అంకె చూసి పురుగులని నిర్ణయించకూడదు, అంకె బాగుందని లేవనీ అనుకోకూడదు.

డబ్బాల్లో వేసి మాకు తెచ్చే వాటిలో సగానికి పైగా పురుగులు కావు. అరటిపండు తిన్న పసిపిల్లల మలంలో సన్నని నల్లటి పోగులు వస్తాయి, టమాటా తొక్క చుట్టుకుపోయి వస్తుంది, మలబద్ధకం ఉన్నవారిలో జిగురు తాళ్లలా పడుతుంది. మరుగుదొడ్డి గోడ మీద తిరిగే ఈగల లార్వాలు గిన్నెలో కనబడి ఒంట్లోంచి వచ్చాయనిపిస్తుంది. అనుమానం ఉంటే పారేయకుండా, నీళ్లలో కడిగి, తడిగా ఉంచి తీసుకురండి, చూసి చెప్పడం ఒక్క నిమిషం పని. పేగులను కడిగి పురుగులన్నీ బయటికి లాగుతామంటూ అమ్మే పొడులు, ఎనిమాలు వాడాక వచ్చే పొడవాటి తాళ్ల ఫొటోలు చాలామంది పంపుతుంటారు. అవి జిగురు, పేగు లోపలి పొర ముక్కలు. ఆ పొర ఊడి రావడమంటే పేగు దెబ్బతింటోందని. ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని గట్టిగా నమ్మి, చిన్న పెట్టెల్లో నలకలు దాచుకుని తెచ్చేవారు కూడా ఉంటారు. వారి బాధ నిజం, పరీక్షల్లో పదే పదే ఏమీ దొరకనప్పుడు చర్మవైద్యుడూ మానసిక వైద్యుడూ కలిసి చూడాల్సిన బాధ అది.

ఏ లక్షణమూ లేనప్పుడు మాత్ర వేసుకోవాలా అంటే, అది మీరుండే చోటును బట్టి ఉంటుంది. మట్టి ద్వారా సోకే పురుగులు 20 శాతం మందికి పైగా ఉన్న చోట ఏడాది నిండిన పిల్లలకు ఏడాదికి ఒకసారి, 50 శాతం దాటిన చోట రెండుసార్లు పరీక్ష లేకుండానే మాత్ర ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మోతాదు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, రెండేళ్ల లోపు పిల్లలకు అందులో సగం. గర్భం మొదటి మూడు నెలల్లో ఇవ్వరు. పాఠశాలలో, ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే మాత్ర పాప వేసుకుంటోందంటే అదే లెక్క, ఇంట్లో మళ్లీ అదనంగా వేయక్కర్లేదు. అలాంటి సమస్య లేని చోట పెద్దవాళ్లు ఆరునెలలకోసారి అలవాటుగా మింగడానికి కారణం కనబడదు.

మాత్ర వేశాక పురుగులు కుప్పగా పడతాయని ఎదురు చూడకండి. ఆల్బెండజోల్ పురుగు గ్లూకోజు తీసుకునే దారిని మూసి, కొన్ని రోజుల్లో చంపుతుంది. చిన్నవి పేగులోనే సగం జీర్ణమైపోతాయి. ఏలికపాములు పడితే పడవచ్చు, కంగారు అక్కర్లేదు. ఏ పురుగో తేలి మందు వాడినవారు రెండు మూడు వారాల తర్వాత మలపరీక్ష మళ్లీ చేయించుకుంటే చాలు. బద్దెపురుగుకైతే ఒక నెలకు, మళ్లీ మూడు నెలలకు చూడాలి, ఎందుకంటే తల పేగుకు అతుక్కుని మిగిలిపోతే మిగతా మీటర్లన్నీ అది తిరిగి పెంచుకుంటుంది.